గోడ అవతలి దీపం

నా చిన్నప్పుడు మా ఇంటికీ పక్కింటికీ నడుమ ఒకటే గోడ ఉండేది. మట్టిగోడ. కట్టినవాళ్లకు మన్ను చాలలేదో, ఓపిక చాలలేదో గానీ, అది దూలానికి మూరెడు కిందనే ఆగిపోయింది. ఆ సందులోంచి పొగ అటూ ఇటూ తిరిగేది, కూర వాసన తిరిగేది, మాటలు తిరిగేవి. పక్కింట్లో దీపం పెడితే మా ఇంటి కప్పు మీద పచ్చటి వెలుగు పడేది. వాళ్లింట్లో ఎవరైనా దగ్గితే మా అవ్వ ఇక్కడి నుంచే శొంఠి నీళ్లు తాగమని చెప్పేది. ఈ గోడ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, కొన్నాళ్లపాటు నా భక్తి అంతా ఆ గోడను చూసుకునే బతికింది.

మా ఊరు కొత్తకోటకు ఆమడ దూరం. నైజాం రాజ్యం పోయిన కొత్తరోజులు. ఊరు దాటి ఎర్రమట్టి దిబ్బ ఎక్కి దిగితే మా వాడ. వాడలో సగం ఇళ్లవాళ్లు ప్రభువును నమ్ముకున్నవాళ్లు. మా అవ్వ కాలంలోనే నమ్ముకున్నాం కాబట్టి మేం పాతవాళ్లం, ఆ గర్వం మాకు ఉండేది. పెంకులు కప్పిన ఒక్క గదే మా గుడి. గంట కొనే స్తోమత లేక, ఎవరో తెచ్చిన రైలు పట్టా ముక్కను వేపకొమ్మకు వేలాడదీసి కడ్డీతో కొట్టేవాళ్లు. బోధ చెప్పే అయ్యగారు నెలకొకసారి సైకిలు మీద వచ్చేవారు. మిగతా ఆదివారాలు వాడ పెద్దలే ప్రార్థన నడిపేవారు. మా అవ్వ ఆ పెద్దల వెనక చాప మీద ముడుచుకుని కూర్చున్నట్టే కనబడేది గానీ, సగం పెత్తనం ఆమెదే.

అప్పటికి నాకు పన్నెండేళ్లు ఉంటాయేమో. అమ్మా బాపూ పటేలు చేనుకు కూలికి పోతే ఇంట్లో నేనూ అవ్వా మిగిలేవాళ్లం. బైబిలు వాక్యం ఒక్కసారి వింటే నాకు పట్టుబడేది. అయ్యగారు వచ్చినప్పుడల్లా నన్ను లేపి చెప్పించేవారు. నేను గుక్క తిప్పుకోకుండా చెబుతుంటే ఆడవాళ్లు ముక్కున వేలేసుకునేవారు. ఏం బిడ్డనమ్మా, నోట్లో తేనె ఉన్నదని ఒకరు, పెద్దయితే అయ్యగారి పక్కన నిలబడి బోధ చేస్తుందని ఒకరు అనేవారు. ఆదివారం కోసం నేను ఎదురుచూసేది ఆ మాటల కోసమేనని అప్పుడు నాకు తోచలేదు. భక్తి అంటే ఇదే కాబోలు అనుకున్నాను.

అలా ఉండగా పక్కింట్లోకి తల్లీకూతుళ్లు ఇద్దరు వచ్చారు. వాళ్లది గొర్రెలు కాసుకునే ఇల్లు. ఇంటాయన చనిపోయాక మందను మరుదులు పంచుకున్నారు, జబ్బుపడ్డ ఆ తల్లిని మాత్రం ఎవరూ పంచుకోలేదు. మహబూబ్‌నగర్‌లో మిషను దవాఖాన వాళ్లు ఆమెను నెలల తరబడి ఉంచుకుని బతికించారు. తిరిగి ఊరికి పోతే, ఎవరెవరి చేతి కూడో తిని వచ్చావని ఇంటివాళ్లు గడప తొక్కనివ్వలేదు. అప్పుడు అయ్యగారు మా వాడలో ఖాళీగా ఉన్న ఆ ఇల్లు చూపించారు. గొర్రెలవాళ్ల ఆడమనిషి మా వాడకు వచ్చి కాపురం పెట్టడమంటే ఆ రోజుల్లో మాటలు కాదు. ఊరు విడ్డూరంగా చెప్పుకుంది. మా వాడ మాత్రం చుట్టం వచ్చినట్టు సంబరపడింది.

ఆ కూతురే నేను చెప్పబోయే పక్కింటి అక్క. నాకంటే రెండేళ్లు పెద్దది. ఆమె వెంట వచ్చిన ఆస్తి ఒక నల్ల గొంగడి. గుడికి వస్తే దాన్ని మడిచి వేసుకుని, దాని మీద ఒద్దికగా కూర్చునేది. చదువు రాదు. వాక్యం చెప్పమంటే సగంలో మరిచిపోయేది. మరిచిపోయినా ఎవరూ ఏమీ అనేవారు కాదు, పైగా ఇంకా దగ్గరకు తీసుకునేవారు. నేను ఒక్క మాట తడబడితే మాత్రం అవ్వ వెనక నుంచి చిన్నగా దగ్గేది.

ఒక ఆదివారం అయ్యగారు తప్పిపోయిన గొర్రె కథ ఎత్తుకున్నారు. ఆ కథ నాకు చివరి మాట దాకా వచ్చు. ఇక నన్ను లేపుతారని లంగా కుచ్చిళ్లు సర్దుకుని సిద్ధంగా ఉన్నాను. అయ్యగారు నా తల మీదుగా చూసి, మందల వెంట తిరిగినదానివి కదా, తప్పిపోయిన పిల్లను ఎట్లా వెతుకుతారో నువ్వు చెప్పు తల్లీ అని పక్కింటి అక్కను అడిగారు. ఆమె తల ఎత్తకుండానే చెప్పింది.

"పొద్దుగూకేదాక అరుస్తది అయ్యగారు. చీకటి పడ్డంక అరవది. భయానికి నోరు పడిపోతది. ఇగ అప్పుడు మనమే పిలుసుకుంట పోవాలె."

ముందు వరుసలో ఒక ముసలాయన కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. అయ్యగారు ఆ పైన చెప్పాల్సిన బోధ కూడా మానేసి ప్రార్థనలోకి వెళ్లిపోయారు. నా కళ్లలో కారం పడ్డట్టయింది. కథ నాకు వచ్చు, గొర్రెలు ఆమెకు వచ్చు. ఆ రోజు గొర్రెలే గెలిచాయి.

అక్కడితో ఆగినా బాగుండేది. నా జడ నేనే వేసుకునే ఈడు వచ్చిందని చెప్పిన మా అవ్వ, మధ్యాహ్నాలు ఆమెను అరుగు మీద కూర్చోబెట్టుకుని తల దువ్వడం మొదలుపెట్టింది. ఆముదం రాసి, పాయలు తీసి, మెల్లగా. గడప లోపల జొన్నలు చెరుగుతూ నేను చూసేదాన్ని. నాకు కడుపు మండేది. దానికి ఇంకో మాట లేదు. నిన్నగాక మొన్న వచ్చింది, మా అయ్యగారిని తీసుకుంది, మా అవ్వను తీసుకుంది, ఆఖరికి మా దేవుణ్ణి కూడా ఆ గొంగట్లో చుట్టుకుని పక్కింటికి పట్టుకుపోయిందని అనిపించేది. మేం ముందు నుంచీ ఉన్నవాళ్లం కదా, మమ్మల్ని అడగకుండా ఆయనెట్లా పోతాడని ప్రభువు మీద కూడా కోపం వచ్చేది.

దీపం పెట్టే వేళకు ఇంటింటా ప్రార్థన చేసుకోవడం మా వాడ ఆనవాయితీ. పక్కింటి అక్క ప్రార్థన గోడ దాటి వచ్చేది కాదు. గుసగుసగా నాలుగు మాటలు, అంతే. వినబడని ప్రార్థన కూడా ఒక ప్రార్థనేనా అని నాకు లోకువగా ఉండేది. నేను మాత్రం గోడవైపు తిరిగి నిలబడి, కళ్లు మూసుకుని, గొంతెత్తి అందుకునేదాన్ని. జబ్బుపడ్డవాళ్లు, దారిన పోయేవాళ్లు, విధవలు, దిక్కులేనివాళ్లు, వానలు, పంటలు, ఎవరినీ ఏదీ విడిచిపెట్టేదాన్ని కాదు. ఢిల్లీలో ఉన్న సర్కారును కూడా దీవించేదాన్ని. నేను విధవలు అన్నప్పుడు గోడ అవతల ఆ తల్లి ముక్కు చీదిన చప్పుడు వినబడితే, ఆ రాత్రి నాకు జొన్నరొట్టె మరీ రుచిగా ఉండేది. వాళ్లింట్లో ఇంకా దీపం వెలగకపోతే నేను ప్రార్థన మొదలుపెట్టేదాన్ని కాదు. ఏదో పని ఉన్నట్టు కుండలు సర్దుతూ, కప్పు మీద వెలుగు పడేదాకా కాచుకునేదాన్ని. అవ్వ ఇదంతా చూస్తున్నదని నాకు తెలియదు. ఆమె చూపు ఎప్పుడూ చేతిలో ఉన్న పని మీదే ఉండేది మరి.

ఆ ఎండాకాలం పక్కింటి అక్క, నీళ్లలో ముంచి ఇచ్చే బాప్తిస్మానికి పేరిచ్చింది. మా పాలమూరు నేలలో నీళ్లకు ఎంత కరువో చెప్పనక్కర్లేదు. ఊరి బావుల దగ్గరికి మమ్మల్ని రానిచ్చేవారు కాదు. అందుకని వానలు పడి వాగు పారేదాకా మా సంఘంలో బాప్తిస్మాలు ఉండేవి కావు. ఎండల్లో పేరిచ్చినవాళ్లు మబ్బు కేసి చూస్తూ కూర్చోవాలి. వాగు నడుము లోతుకు వచ్చిందంటే, ముందురోజు సాయంత్రం వాళ్లను గుడిలో కూర్చోబెట్టి పెద్దలు ఒకే ఒక్క మాట అడిగేవారు, ఎందుకు అని. జవాబు చెప్పాక ఇంటివాళ్లలో ఒకరు లేచి నిలబడాలి. నిలబడితే ఆ మాట నిజమని సాక్ష్యం. ఎవరూ లేవకపోతే ఆ యేటికి లేనట్టే.

బాప్తిస్మం అయినవాళ్లకు తెల్లచీర కట్టేవారు. ముందు చాప మీద కూర్చోబెట్టేవారు. ప్రభువు పేరిట పంచే రొట్టె, ద్రాక్షరసం వాళ్లకు అందేవి, మాకు అందేవి కావు. ఆ చీరలో ఆ అక్క నాకంటే ముందు చాప మీద కూర్చుంటుందన్న ఊహకే నాకు నిద్ర పట్టలేదు. మర్నాడే పోయి నా పేరు కూడా ఇచ్చాను. ఇంత చిన్నదానికి ఎంత ఆశ అని అయ్యగారు మురిసిపోయారు. నాకు ఉన్న ఆశ ఒక్కటే, ఆమెకంటే ముందు నీళ్లలోకి దిగాలి. మేం పాతవాళ్లం కాబట్టి మొదట నన్నే పిలవాలని పెద్దలకు చెప్పమని అవ్వను సతాయించాను. చూద్దాంలే అన్నది అవ్వ.

వానలు ఆలస్యంగా వచ్చినా గట్టిగా వచ్చాయి. వాగు ఎర్రగా పారి, తేరుకుని, నడుము లోతున నిలిచింది. ఆ సాయంత్రం గుడిలో పేరిచ్చినవాళ్లం మేమిద్దరమే, పక్కపక్కన. పెద్దలు ఆమెనే ముందు అడిగారు. ఆమె చాలాసేపు గొంగడి అంచు వేళ్లతో నలిపింది.

"మా అమ్మను బతికించిన్రు. మాకు ఇల్లు చూపిచ్చిన్రు, బువ్వ పెట్టిన్రు," అన్నది. "నేను దేవుని కోసం వస్తున్ననో బువ్వ కోసం వస్తున్ననో నాకే ఎరుక లేదు. వచ్చే వాగు దాక ఆగుత."

మొదట నాకు కలిగింది సంతోషం. ఆమె దిగదు, నేనొక్కదాన్నే దిగుతాను. కానీ ఆ సంతోషం పూర్తిగా రాకముందే ఇంకేదో జరిగింది. నాకు కూడా దిగాలని లేకుండా పోయింది. పొయ్యి కింద నుంచి కట్టె లాగేసినట్టు, లోపల అంతా చల్లబడింది. ఆమె కట్టని తెల్లచీర నాకెందుకు? నేను కంఠతా పట్టుకొచ్చిన జవాబు నోట్లోనే ఉంది గానీ దాని వెనక ఏమీ లేదు. అంతలో చుట్టూ చూశాను. పెద్దలంతా ఆ అక్కనే చూస్తున్నారు. గొర్రె కథ చెప్పిన రోజు కళ్లు తుడుచుకున్న ముసలాయన మళ్లీ కండువా తీశాడు. వద్దన్నందుకు కూడా ఆమెనే మెచ్చుకుంటున్నారు. నన్నడిగేసరికి నా నోరు నా చేతిలో లేదు. నేను దేవుని కోసం వస్తున్నానో లేదో నాకూ ఎరుక లేదు, వచ్చే వాగు దాకా నేనూ ఆగుతానని, అచ్చం ఆమె గొంతుతో, తల కూడా అంతే వంచి చెప్పేశాను.

ఇద్దరూ ఇద్దరేనని పెద్దలు ఆశ్చర్యపోయారు. నాకోసం లేవబోయిన మా అవ్వ, సగం లేచినదల్లా మళ్లీ చాప మీద కూర్చున్నది. నన్నొకసారి చూసింది. బురదలో నాకంటే నాలుగడుగులు ముందే నడిచి ఇంటికి వచ్చింది. మెప్పులో సగం నాకూ వచ్చిందన్న తృప్తితో నేను అదేమీ పట్టించుకోలేదు.

మర్నాడు పొద్దున్నే మా రెండు మేకలను తోలుకుని గుట్టకు పోయాను. తిరిగి వచ్చేసరికి దీపం పెట్టే వేళ అయింది. అమ్మా బాపూ ఇంకా చేను నుంచి రాలేదు. అవ్వ గడపలో కూర్చుని ఉంది. కప్పు మీద పక్కింటి వెలుగు పడి ఉంది. కాళ్లు కడుక్కుని, గోడకు ఎదురుగా నిలబడి మొదలుపెట్టాను. ఆ రోజు ప్రార్థన కొత్తరకం. నేను ఎంత తక్కువదాన్నో, నా మనసు ఎంత పరీక్షించుకున్నానో, నాలాంటి పాపికి ఆ చల్లని నీళ్లలో దిగే యోగ్యత ఎక్కడిదో, గొంతు వణికించి మరీ చెప్పాను. నాకంటే అణకువ కలిగినది ఆ వాడలో ఇంకెవరూ లేరని గోడకు తెలిసేలా చెప్పాను. ఆమేన్ అని ఆగి విన్నాను. గోడ అవతల చప్పుడు లేదు. ఇంకోసారి, కాస్త గట్టిగా, ఆమేన్ అన్నాను.

"అయిందా?" అన్నది అవ్వ. లేచి నా చెయ్యి పట్టుకుని పక్కింటికి తీసుకుపోయింది. తలుపు తోసింది. పొయ్యి ఊడ్చి అలికి ఉంది, చల్లగా. మంచం లేదు, గొంగడి లేదు, కుండలు బోర్లించి ఉన్నాయి. గూట్లో బుడ్డిదీపం ఒక్కటి వెలుగుతోంది.

మధ్యాహ్నం దవాఖాన నుంచి కబురు వచ్చిందట, ఆ తల్లికి అక్కడే ఆయా పని దొరికిందని. కొత్తకోట పోయే బండి ఒకటి దొరికితే ఉన్నపళంగా ఎక్కి వెళ్లిపోయారట. పోయే ముందు ఆ అక్క నాకోసం రెండుసార్లు మా ఇంట్లోకి వచ్చి చూసిందట. దీపం పెట్టింది మా అవ్వ.

"ఎవలకు చెప్పినవ్ బిడ్డా గింతసేపు?" అని అడిగింది.

సిగ్గు కంటే ముందు నాకు కోపం వచ్చింది. మనుషులు లేని ఇంట్లో దీపం ఎందుకు పెట్టావని అరిచాను. నీకు ఆమె అంటేనే ఇష్టం, ఆమె తలే దువ్వుతావు, నన్ను ఎన్నడన్నా దువ్వావా అని, ఇన్నాళ్లూ కడుపులో దాచుకున్నదంతా అక్కడే కక్కేసి ఏడ్చాను. అవ్వ కాదనలేదు. తల్లి అన్ని నెలలు మంచాన పడ్డ పిల్ల, తలలో పేలు పడ్డాయి, దువ్వానని మామూలుగా చెప్పింది. నేను ఏడ్చినంతసేపూ ఏడ్వనిచ్చి, ఊడ్చిన పొయ్యి పక్కన చతికిలబడి కూర్చుంది.

"నేనేం వాక్యం విని వచ్చిననుకున్నవా?" అన్నది. "కరువుల గంజి పోస్తున్నరంటే గిన్నె పట్టుకొని వచ్చిన. కరువు పోయింది, గంజి బందయింది. నేను పోలే. ఎప్పటిసంది ఆయన కోసం ఉంటున్ననో నాకు గూడ ఎరుక లేదు."

లేచి దీపం గూటి దగ్గరికి పోయింది.

"ఎవలు వచ్చినా ఏదో ఒక గంజి కోసమే వస్తరు బిడ్డా. దానికి సిగ్గు లేదు. గంజి బందయినంక ఎందుకు ఉంటున్నవో గది చూసుకోవాలె. నీ గంజి ఇయ్యాల బండెక్కి పోయింది."

అని దీపం ఊదేసింది. చెప్పేది ఉంటే ఇప్పుడు చెప్పు, లేకుంటే పోదాం, రొట్టెలు కాల్చాలి అని పోయి గడప దగ్గర నిలబడింది.

చీకట్లో నేనొక్కదాన్నే. వచ్చిన వాక్యాలన్నీ ఎటు పోయాయో పోయాయి. విధవలు, దిక్కులేనివాళ్లు, ఢిల్లీ సర్కారు, ఎవరూ నోటికి రాలేదు. నోరు పడిపోవడమంటే ఏమిటో, గొర్రెలు కాసిన ఆ పిల్లకు తెలిసిన సంగతి, నాకు అప్పుడు తెలిసింది. ఎంతసేపటికో ఒక్క మాట దొరికింది. అది ఎవరి దగ్గరా నేర్చుకున్నది కాదు.

"ప్రభువా, ఆ అక్కను చూస్తే నాకు కడుపు మండుతది."

అంతే. ఆమేన్ కూడా అనలేదు. ఇంటికి వచ్చి రొట్టెలు కాల్చుకున్నాం. తిన్నాక అవ్వ దువ్వెన తీసి, ఇటు రా అన్నది.

మరుసటి యేడు వాగు పారలేదు. ఆ పై యేడు పారింది. ఈలోగా మహబూబ్‌నగర్ నుంచి అయ్యగారు కబురు తెచ్చారు, అక్కడి గుడిలో సిమెంటు తొట్టి ఉంటుందట, వానతో పని లేదట, పక్కింటి అక్క బాప్తిస్మం అప్పుడే అయిపోయిందట. నాకు మళ్లీ భగ్గున మండింది. ఒక దీపం ఊదేస్తే ఆరిపోయే మంట కాదు అది. కానీ ఈసారి ఆ మండేదాన్ని పట్టుకుపోయి చెప్పుకునే చోటు ఒకటి నాకు తెలుసు.

వాగు పారినప్పుడు పెద్దలు నన్ను మళ్లీ అదే మాట అడిగారు. మొదట పక్కింటి అక్కమీద కుళ్లుతో పేరిచ్చానని, ఆమె పోయాక కూడా నేను పోలేదని చెప్పాను. అది విని ఎవరూ కళ్లు తుడుచుకోలేదు. వెనక చాప మీద మా అవ్వ మాత్రం మోకాళ్లు పట్టుకుని మెల్లగా లేచి నిలబడింది.

ఇప్పుడు నాకు అవ్వ వయసు దాటింది. మా గుడిలో మైకు ఉంది, నాకు ఇంకా మంచి గొంతే ఉంది. ప్రార్థన చేసి కూర్చుంటే, ఎంత బాగా చేశారమ్మా అని చెయ్యి పట్టుకుంటారు. ఆ మాట ఇప్పటికీ నాకు తియ్యగానే ఉంటుంది, అబద్ధం ఎందుకు? నాకంటే బాగా చేసేవాళ్లు వస్తే ఇప్పటికీ చురుక్కుమంటుంది. ఇంటికి వచ్చి, నా గదిలో దీపం ఆర్పి, కాసేపు కూర్చుంటాను. వినేవాళ్లు ఎవరూ లేకపోతే చెప్పడానికి నా దగ్గర ఏం మిగిలిందో వెతుక్కుంటాను. కొన్నిసార్లు రెండు మాటలు మిగులుతాయి. కొన్నిసార్లు ఏమీ మిగలదు. ఏమీ మిగలని రోజున ఊరికే అలా కూర్చుంటాను, లేచి పోను.